సానియా మీర్జా 14 నుంచి 18 ఏళ్ళ మధ్య అసలేం ఆడింది? మా పాప విషయంలో తేల్చుకోవాలి

గుంటూరు_నాన్న:

నమస్కారం అండి. మాది గుంటూరు. మా అమ్మాయికి త్వరలో పద్నాలుగు నిండుతాయి. ఐటా (అఖిల భారత టెన్నిస్ సంఘం) అండర్-14 టోర్నీలు ఆడుతోంది. విజయవాడ, హైదరాబాద్, చెన్నైల్లో క్వార్టర్స్ దాకా వస్తుంది, ఒక్కోసారి సెమీస్. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ బాగుంటుంది. సర్వీసు మాత్రం వీక్, రెండో సర్వీసు అయితే నేను కళ్ళు మూసుకుంటాను.

ఇప్పుడు ఇంట్లో గొడవ. స్కూలు మాన్పించి ఓపెన్ స్కూల్లో కట్టించండి, హైదరాబాద్ పంపండి, పద్నాలుగు నిండగానే పెద్దవాళ్ళ ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నీల్లో దించుదాం అంటున్నారు కోచ్. మా ఆవిడ పదో తరగతి అయ్యేదాకా కదిలేది లేదంటోంది. మధ్యలో మా బావమరిది. "సానియా 18 ఏళ్ళకే సెరెనాతో ఆడింది బావా, నువ్వు ఇప్పటికే లేటు" అని రోజూ ఫోను.

నేను వెతికితే సానియా గురించి అంతా 2005 నుంచే దొరుకుతోంది. దానికి ముందు నాలుగేళ్ళు ఆ అమ్మాయి ఏ టోర్నీలు ఆడింది, ఎలా పైకి వచ్చింది? తెలిసినవాళ్ళు చెప్పండి. ప్రేరణ కబుర్లు వద్దండి, అవి మా బావమరిది దగ్గర చాలా ఉన్నాయి.

కూకట్‌పల్లి_లెఫ్టీ:

అన్నా, క్లుప్తంగా. 2003 వింబుల్డన్ జూనియర్ డబుల్స్ టైటిల్, రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో కలిసి. చాలామంది అది సింగిల్స్ అనుకుంటారు, కాదు. అదే ఏడాది హైదరాబాద్‌లో ఆఫ్రో-ఏషియన్ గేమ్స్‌లో నాలుగు స్వర్ణాలు. 2002లో బూసాన్ ఆసియా క్రీడల్లో లియాండర్ పేస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం, అప్పటికి ఇంకా పదహారు కూడా నిండలేదు. ఓపెన్ స్కూల్ సంగతి నాకు తెలీదు కానీ ఆమె నాసర్ స్కూల్లో చదివింది, తర్వాత సెయింట్ మేరీస్ కాలేజీ.

గట్లు_వేసే_మామ:

బాబూ, సికింద్రాబాద్‌లో ఎన్నో ఏళ్ళుగా రాకెట్లకు గట్లు, అంటే తీగల వల, వేస్తున్నాను. సానియా రాకెట్ ఎప్పుడూ నా చేతికి రాలేదు. ఇది ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఈ ఊళ్ళో టెన్నిస్ తెలిసిన ప్రతివాడూ ఆ పిల్లకు మొదటి రాకెట్ తనే ఇచ్చానంటాడు. కానీ ఆమె వయసు పిల్లల రాకెట్లు బోలెడన్ని నా మెషీన్ మీదకి వచ్చాయి. వాటిని తెచ్చే తండ్రులతో కూర్చుని టీ తాగాను, టోర్నీలు చూశాను. ఆ కాలం నాకు బాగా గుర్తుంది.

మీ బావమరిది చెప్పేది 2005 జనవరి, మెల్‌బోర్న్. ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండులో సెరెనా చేతిలో 1-6, 4-6. రెండో సెట్ చూసి అందరూ సెరెనాను భయపెట్టిందన్నారు. సెరెనా ఆ టోర్నీ గెలిచింది కూడా. అప్పటికి మన అమ్మాయి ర్యాంకు 166, లోపలికి వెళ్ళింది వైల్డ్ కార్డుతో, అంటే ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు ఇచ్చే చోటుతో. గ్రాండ్‌స్లామ్‌లో మూడో రౌండుకు చేరిన తొలి భారతీయురాలు ఆమే. అంతకుముందు 1998లో అదే మెల్‌బోర్న్‌లో నిరుపమా వైద్యనాథన్ ఒక్క రౌండు గెలిస్తేనే పేపర్లు పండగ చేసుకున్నాయి. అంటే అప్పటికి మన దగ్గర ఆడపిల్లల టెన్నిస్ ఎక్కడుందో అర్థం చేసుకోండి.

ఇక మీరడిగిన నాలుగేళ్ళు.

పుట్టింది 1986 నవంబరులో, ముంబైలో. పెరిగింది ఇక్కడ. ఆరేళ్ళకు మొదలుపెట్టింది. పేడ అలికిన కోర్టుల మీద ఆడానని ఆమే చెప్పుకుంది, అందులో వింతేం లేదు, అప్పట్లో ఇక్కడ చాలా కోర్టులు అవే. మొదట కోచ్ ఈ పిల్ల మరీ చిన్నది, వద్దన్నాడట. తండ్రి ఇమ్రాన్ గారు ఒకప్పుడు స్పోర్ట్స్ జర్నలిస్టు, తర్వాత బిల్డర్. టోర్నీలకు ఇంటిల్లిపాదీ కారేసుకుని రాష్ట్రాలు దాటి తిరిగేవాళ్ళు. ఆ ఇంట్లో ఒకరు ఆడితే మిగతావాళ్ళంతా ప్రయాణం చేసేవాళ్ళన్నమాట. పన్నెండేళ్ళ వయసు నుంచే జీవీకే వాళ్ళు స్పాన్సర్ చేశారు. ఈ సంగతి మీ బావమరిదికి ప్రత్యేకంగా చెప్పండి.

2001లో, పద్నాలుగు నిండాక, పెద్దవాళ్ళ ఐటీఎఫ్ టోర్నీల్లోకి వచ్చింది. మీ కోచ్ అంటున్న వయసే, ఆ మాటలో తప్పు లేదు. 2002 మొదట్లో ఓటములే. తర్వాత ఒక్కసారిగా వరసగా మూడు టైటిళ్ళు: ఒకటి హైదరాబాద్‌లో, రెండు మనీలాలో. పేర్లు చూసి పెద్ద టోర్నీలనుకోవద్దు. కుర్చీలు ఖాళీగా ఉంటాయి, బంతులు తెచ్చిచ్చేవాళ్ళు కూడా ఒక్కోసారి ఉండరు, టీవీ ఊసే లేదు. అలాంటివి ఆడి 2004 వచ్చేసరికి ఒక్క ఏడాదిలో ఆరు సింగిల్స్ టైటిళ్ళు కొట్టింది. సెరెనా మ్యాచ్ వెనక ఉన్నది ఇదీ. ఇది యూట్యూబ్‌లో ఉండదు, తీసినవాడెవడూ లేడు కాబట్టి.

ఇప్పుడు ఎవరూ పట్టించుకోని ముక్క. ఆ అమ్మాయికి పదహారు, పదిహేడు, పద్దెనిమిది వచ్చిన మూడేళ్ళూ హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ (మహిళల ప్రపంచ ప్రొఫెషనల్ టూర్) టోర్నీ జరిగింది. 2003, 2004, 2005. హైదరాబాద్ ఓపెన్. అప్పటి లెక్కలో టియర్ 4, డబ్ల్యూటీఏలో చిన్నదే. కానీ డబ్ల్యూటీఏ టోర్నీయే కదా! ఇంటి నుంచి అన్నం తిని వెళ్ళి, ప్రపంచంలో తొలి వందలో ఉన్నవాళ్ళతో ఆడి, రాత్రికి ఇంటికి వచ్చి పడుకోవచ్చు.

2003లో వైల్డ్ కార్డు ఇచ్చారు. తొలి రౌండులోనే కులికోవ్‌స్కాయా చేతిలో మూడు సెట్లలో ఓడిపోయింది. 2004లో మళ్ళీ వైల్డ్ కార్డు. ఈసారి నికోల్ ప్రాట్ చేతిలో, మళ్ళీ మూడు సెట్లు. ఆ ప్రాటే ఆ ఏడాది ఛాంపియన్. కానీ అదే వారం సానియా లీజెల్ హూబర్‌తో కలిసి డబుల్స్ టైటిల్ కొట్టేసింది. 2005 ఫిబ్రవరిలో, మెల్‌బోర్న్ నుంచి వచ్చిన కొద్ది రోజులకే, ఫైనల్లో ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించి సింగిల్స్ టైటిల్. డబ్ల్యూటీఏ సింగిల్స్ గెలిచిన మొదటి భారతీయురాలు. ర్యాంకు తొలి వందలోకి వచ్చింది. మార్చిలో దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ ఛాంపియన్ కుజ్నెత్సోవాను 6-4, 6-2తో కొట్టింది. సెప్టెంబరుకి యూఎస్ ఓపెన్ నాలుగో రౌండు.

నేనేమంటానంటే, మొదటి ఏడాది ఓడిన టోర్నీలోనే రెండో ఏడాది మళ్ళీ ఆడే అవకాశం, రెండో ఏడాది ఓడినా మూడో ఏడాది మళ్ళీ అవకాశం, అదీ సొంత ఊళ్ళో, ఎంతమంది పిల్లలకు దొరుకుతుంది? 2002లో నేషనల్ గేమ్స్ ఇక్కడే, 2003లో ఆఫ్రో-ఏషియన్ గేమ్స్ ఇక్కడే, మూడేళ్ళు డబ్ల్యూటీఏ ఇక్కడే. ఆ పిల్ల ఎదిగే వయసుకు ఊరు కూడా సిద్ధంగా ఉంది. 2006 నుంచి ఆ టోర్నీ బెంగళూరు వెళ్ళిపోయింది. తర్వాత వచ్చిన మన పిల్లలకు ఆ మెట్టే లేకుండా పోయింది. ఎవరైనా "ఇంకో సానియా ఎందుకు రాలేదు" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మెట్టు తీసేసి ఎక్కలేదేం అని అడిగితే ఎలా?

కాబట్టి మీ పాపను సానియా వయసులతో కొలవకండి. హైదరాబాద్ పంపినా ఆమెకు దొరికిన హైదరాబాద్ ఇప్పుడు లేదు.

రిటర్న్_వింగ్:

మామా, మీ మాట సగం ఒప్పుకుంటా. ఆ మూడేళ్ళూ వైల్డ్ కార్డులు వచ్చింది ఆమెకొక్కదానికే కాదు, వేరే భారతీయ అమ్మాయిలకూ వచ్చాయి. అదే కోర్టు, అదే జనం. మరి గెలిచింది ఈమే కదా?

నా లెక్కలో అసలు సంగతి ఫోర్‌హ్యాండ్. అప్పటిదాకా మన అమ్మాయిల ఆట ఎక్కువగా బంతిని లోపల ఉంచి ఎదుటివాళ్ళ తప్పు కోసం ఎదురుచూసే ఆట. ఈమె వచ్చి మొదటి బంతికే బలమంతా పెట్టి ఫ్లాట్‌గా కొట్టింది. కుజ్నెత్సోవాతో దుబాయ్ మ్యాచ్ దొరికితే చూడండి, ర్యాలీలో వెనక్కి జరుగుతున్నది కుజ్నెత్సోవా. అంతెందుకు, సర్వీసు ఎప్పుడూ ఆమె బలం కాలేదు. యూఎస్ ఓపెన్ నాలుగో రౌండులో షరపోవా 6-2, 6-1తో కొట్టిన రోజు ఆ సర్వీసు మీదకి దూకి దూకి కొట్టింది. అయినా 2007 ఆగస్టుకి సింగిల్స్‌లో 27వ ర్యాంకు. గుంటూరు అన్నగారూ, మీ పాప రెండో సర్వీసుకి కళ్ళు మూసుకోవడం మానేయండి. ఆమెకు పాయింటు తెచ్చే దెబ్బ ఒకటి ఉందా లేదా, అది చూడండి.

గట్లు_వేసే_మామ:

తమ్ముడూ, ఫోర్‌హ్యాండ్ కాదని నేనెక్కడన్నాను? ఆ ఫోర్‌హ్యాండ్ కులికోవ్‌స్కాయా మీద కూడా ఉంది, ఓడిపోయింది. అలాంటివాళ్ళ బంతి ఎంత బరువుగా వస్తుందో, ఎంత లోతుగా పడుతుందో తెలియాలంటే వాళ్ళతో ఆడాల్సిందే. మనీలా టోర్నీలో అది తెలీదు. నీ మాటా నా మాటా ఒకదానికొకటి అడ్డం కాదు.

గుంటూరు_నాన్న:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. స్పాన్సర్ ముక్క చదివి మా ఆవిడ బావమరిదికి అప్పుడే ఫార్వర్డ్ చేసేసింది. ఇంకో రెండు డౌట్లు. ఒకటి, ఇప్పుడు పద్నాలుగేళ్ళ పిల్లను పెద్దవాళ్ళ టోర్నీల్లో ఎన్ని ఆడనిస్తారు? కోచ్ ఏడాదికి ఇరవై అంటున్నారు. రెండు, ఆ చిన్న టోర్నీల్లో డబ్బులు ఏమైనా వెనక్కి వస్తాయా?

హూస్టన్_సుజాత:

నేను టెక్సాస్‌లో ఉంటానండి, మా అబ్బాయి ఇక్కడ హైస్కూల్ టెన్నిస్ ఆడాడు. ఈ రూల్స్ అన్నీ తిరగేశాను కాబట్టి చెబుతున్నా.

ఇరవై అసాధ్యం. ఆడపిల్లలకు వయసును బట్టి పరిమితి ఉంది. 14 నిండకముందు అసలు ఆడనివ్వరు. 14 ఏళ్ళకు ఏడాదికి 8 టోర్నీలు, 15కి 10, 16కి 12, 17కి 16. ఏడాది అంటే పుట్టినరోజు నుంచి పుట్టినరోజుకి. జూనియర్ ర్యాంకింగ్ చాలా బాగుంటే కొన్ని అదనంగా ఇస్తారు. చిన్న వయసులోనే పిల్లలు అలిసిపోయి ఆట వదిలేస్తున్నారని 1990లలో ఈ రూల్ తెచ్చారు. మీ కోచ్ గారికి ఇది తెలియకపోతే నాకు ఆశ్చర్యమే. ఆయన ఐటా టోర్నీలు, ఐటీఎఫ్ జూనియర్స్ అన్నీ కలిపి ఇరవై అన్నారేమో, మళ్ళీ అడగండి.

డబ్బు సంగతి: అన్నిటికంటే కింది టోర్నీ డబ్ల్యూ15. మొత్తం ప్రైజ్ మనీ 15,000 డాలర్లు, అది సింగిల్స్, డబుల్స్ ఆడే అందరికీ పంచుతారు. పాప, పాపతో మీలో ఒకరు, కుదిరితే కోచ్, ముగ్గురి టికెట్లు, హోటల్ లెక్కేసుకోండి. క్వార్టర్స్‌కు వచ్చినా చేతి నుంచి పెట్టుకోవాల్సిందే. పాయింట్లు కూడా అంతే, గెలిచిన అమ్మాయికి 15, తొలి రౌండులో ఓడితే సున్నా. మూడు టోర్నీల్లో పాయింటు తెచ్చుకుంటేనో, మొత్తం పది పాయింట్లు చేస్తేనో తప్ప డబ్ల్యూటీఏ ర్యాంకింగ్‌లో పేరే కనపడదు.

ఇంకో దారి ఉందని ఎవరూ అనలేదు, అందుకే అంటున్నా. అమెరికా కాలేజీ టెన్నిస్. ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో ఆడి వచ్చాడు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతోనే మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు, 2016లో క్వాలిఫయింగ్ (ముందు జరిగే అర్హత రౌండ్లు) దాటుకుని యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాలో ఆడాడు. అమ్మాయిల్లో సహజ యమలపల్లి, హైదరాబాద్ పిల్ల, మా టెక్సాస్‌లోనే శామ్ హూస్టన్ స్టేట్ యూనివర్సిటీలో ఆడి తర్వాత ప్రొఫెషనల్ అయింది. ఇద్దరూ డిగ్రీ, కోచింగ్, మ్యాచ్‌లు అన్నీ సంపాదించుకుని టూర్‌లోకి వెళ్ళినవాళ్ళు.

అందుకే స్కూలు మాన్పించే ముందు ఒక్క విషయం చూడండి. ఇక్కడి కాలేజీలు తొమ్మిదో తరగతి నుంచి మార్కుల కాగితాలు అడుగుతాయి, ఫలానా సబ్జెక్టులు ఉండాలంటాయి. ఓపెన్ స్కూల్‌లో సబ్జెక్టులు ఎలా పడితే అలా తీసుకుంటే తర్వాత ఇరుక్కుంటారు. మా అబ్బాయి స్నేహితుడొకడు, ఇండియా నుంచి వచ్చిన మంచి ప్లేయర్, ఒక లెక్కల పేపరు తేడా వల్ల ఒక సీజన్ మొత్తం బెంచీ మీద కూర్చున్నాడు. ప్రైజ్ మనీ రూల్స్ కూడా ఇక్కడ మారుతున్నాయి, ఆ సమయానికి ఏం నడుస్తోందో అప్పుడు చూసుకోవాలి. మీ ఆవిడ గారు చెప్పిన పదో తరగతి మాటలో నాకు తప్పేమీ కనపడటం లేదు.

కూకట్‌పల్లి_లెఫ్టీ:

సుజాత గారి మాటకు ఒకటి కలుపుతా. ఇప్పుడు సొంత ఊరు కాకపోయినా రైలెక్కి వెళ్ళే దూరంలో డబ్ల్యూటీఏ ఉంది. 2022లో చెన్నైలో జరిగింది, 2025లో మళ్ళీ జరిగింది. 2022లో గెలిచిన లిండా ఫ్రువిర్తోవాకు అప్పటికి 17 ఏళ్ళు. ముంబైలో 125 స్థాయి (డబ్ల్యూటీఏ ప్రధాన టూర్‌కి ఒక మెట్టు కింద) టోర్నీ ఉంది. పాపను ఆడించడానికి కాదు, ఈసారి జరిగితే క్వాలిఫయింగ్ రౌండ్లకు తీసుకెళ్ళి కూర్చోబెట్టండి. ఆ రౌండ్లలో ఎవరు ఎలా కొడుతున్నారో బేస్‌లైన్ వెనక నుంచి చూస్తే టీవీలో కనపడనివి చాలా కనపడతాయి.

గుంటూరు_నాన్న:

ఇరవై టోర్నీల సంగతి కోచ్‌ను అడిగాను. జూనియర్స్ కలిపే అన్నానని ఇప్పుడంటున్నారు. సరే.

ఇంట్లో మాట్లాడుకున్నాం. పదో తరగతి ఇక్కడే, ఈ స్కూల్లోనే. పద్నాలుగు నిండాక సెలవుల్లో ఐటీఎఫ్ జూనియర్స్ జే30లు (జూనియర్లలో కింది స్థాయి టోర్నీలు), వీలైతే ఒకటో రెండో డబ్ల్యూ15 క్వాలిఫయింగ్‌లు, అదీ బస్సులోనో రైల్లోనో వెళ్ళగలిగే ఊళ్ళలో. ఆ తర్వాత చూద్దాం. బావమరిది మాత్రం ఒప్పుకోలేదు. ఖర్చులో సగం నువ్వు పెట్టు, ఇప్పుడే పంపుతా అన్నాను. నిన్నటి నుంచి ఫోన్ లేదు.

మామ గారూ, మీరు గట్లు వేస్తారు కాబట్టి ఒకటి అడగాలి. పాపకు మణికట్టు దగ్గర నొప్పి అంటోంది, ఎక్కువ కాదు, ఆడిన మర్నాడు. అకాడమీలో పెద్దపిల్లలు వేయించుకునే గట్టే మా పాపకూ వేశారు. అది కారణం కావచ్చా?

గట్లు_వేసే_మామ:

ముందు డాక్టరుకు చూపించండి, ఆర్థోపెడిక్ దగ్గరికి. గట్టు సంగతి తర్వాత. సానియా కెరీర్‌లోనే మణికట్టు ఎంత దెబ్బ కొట్టిందో చూశాం, 2008లో ఆపరేషన్ దాకా వెళ్ళింది. అది గట్టు వల్ల అని నేననను. కానీ ఆ నొప్పిని "ఆడితే పోతుంది" అని వదిలేయకండి.

రాకెట్‌కు వేసింది పాలిస్టర్ గట్టే అయి ఉంటుంది, తీగలా బిరుసుగా ఉంటుంది, తెగదు. తెగదు కాబట్టే తల్లిదండ్రులకు నచ్చుతుంది, డబ్బు మిగులుతుంది కదా. పద్నాలుగేళ్ళ పిల్ల చేతికి అది బరువు. పైగా పాలిస్టర్ తెగకపోయినా కొన్ని వారాలకే చచ్చిపోతుంది, బంతిని తోయదు, అప్పుడు పిల్ల ఇంకా బలం పెట్టి కొడుతుంది. దాన్ని కోసేసి మల్టీఫిలమెంట్ (సన్న పోగులు కలిపిన మెత్తటి గట్టు) వేయించండి, టెన్షన్ 50 పౌండ్ల లోపు చెప్పండి. తొందరగా తెగుతుంది, తెగనివ్వండి.

రాకెట్ బరువు, గ్రిప్ సైజు రాయండి. హ్యాండిల్ కింద అడుగున నంబరు ఉంటుంది, 2 అనో 3 అనో. చాలామంది నాన్నలు పిల్ల ఎదుగుతుంది కదా అని ఒక సైజు పెద్దది కొంటారు. మీరూ అలాగే కొని ఉంటే అది కూడా మార్చాలి.